కాదనే మనిషి

బస్ షెల్టర్లో ఏడుగురున్నారు. బయట వాన. మామూలు వాన కాదు, ఎవరిమీదో పాతకోపం తీర్చుకుంటున్నట్టు కురుస్తోంది.

ఆరుగురు నిలబడ్డారు. ఏడోవాడు బెంచీ చివర కూర్చుని రేకు డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. అతను చెవిగింజలు బాగుచేసే మేస్త్రీ. ఊళ్లో అందరూ గుబిలి మేస్త్రీ అంటారు. మొదట్లో కోపమొచ్చేది. చేసే పని జనం చెవుల్లో గుబిలి తియ్యడమే గదా అని తర్వాత ఊరుకున్నాడు.

అంతలో ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. మూతి కనపడకుండా గుడ్డ చుట్టుకుంది. జుట్టులోంచి నీళ్లు, ముక్కు చివర్నుంచి నీళ్లు, చెప్పుల్లోంచి నీళ్లు. షెల్టర్లో కాలు పెట్టే సందు లేదు. జరగమని చేత్తో సైగ చేసింది. ఎవరూ చూడలేదు. మోచేత్తో పొడిచింది. ఎవరూ కదల్లేదు. ఇక ఓపిక చచ్చి, గుడ్డ కిందకి లాగి, "కాస్త జరగండి!" అంది.

ఆరుగురూ జరిగారు. జరిగి జరిగి వానలోకి వెళ్లిపోయారు. అక్కడ వరసగా నిలబడి తడవడం మొదలుపెట్టారు. ఒకాయన చేతిలో గొడుగుంది. తెరవమని ఎవరూ చెప్పలేదు కాబట్టి తెరవలేదు.

మేస్త్రీ మాత్రం కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"మీకు వేరే చెప్పాలా?" అంది అమ్మాయి.

"ఏం చెప్పాలి?"

"జరగమన్నాను."

"అన్నారు, విన్నాను. బెంచీ చివర ఉన్నాను. ఇంకా జరిగితే కింద పడతాను."

ఆమె నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. "మీరు... జరగరా?"

"జరగను. ఇటుపక్క బోలెడు చోటుంది. కూర్చోవాలంటే కూర్చోండి, లేదంటే మానెయ్యండి. ముందు ఆ ఆరుగురి సంగతి చూడండి, తడిసి ముద్దవుతున్నారు."

ఆమె నాలిక కరుచుకుంది. "అయ్యో, లోపలికి రండి!" అంది. ఆరుగురూ వచ్చారు. గొడుగాయనకి తుమ్ము వచ్చింది. సరిగ్గా ఆమె మొహం మీదకే వచ్చింది. "తుమ్మకండి!" అనేసింది. పాపం, ఆయన బిగబట్టాడు. కళ్లు బయటికొచ్చాయి, చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కంగారుపడి, "సరే సరే, తుమ్మండి!" అంది.

ఆరుగురూ తుమ్మారు.

మేస్త్రీ నవ్వు ఆపుకోలేక డబ్బాలోకి తల దూర్చాడు. అప్పుడు తట్టింది అతనికి. ఈ గొంతు! ఈ గొంతు రోజుకి నలభైసార్లు వింటాడు. తల ఎత్తేసరికి బస్సొచ్చింది, ఆమె ఎక్కేసింది. అయితే ఫుట్‌బోర్డు మీద నిలబడి వెనక్కి చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆ ఊరి సంగతి కాస్త చెప్పాలి. పన్నెండేళ్లు దాటిన ప్రతి మనిషి కుడిచెవిలోనూ బఠాణీ అంత యంత్రం పెడతారు. దాన్నే చెవిగింజ అంటారు. పొద్దున్న కళ్లు తెరిచిన దగ్గర్నుంచి అందులో ఒక ఆడగొంతు చెబుతూనే ఉంటుంది. లేవండి. పళ్లు తోముకోండి. పక్కింటివాళ్లని పలకరించండి. అబద్ధమాడకండి. రెండో ముక్క తీసుకోకండి. చెప్పించేది సన్మార్గ కార్యాలయం. ఆ గొంతుకి వాళ్లు పెట్టుకున్న పేరు సన్మార్గవాణి. జనం పెట్టుకున్న పేరు అత్తగారు. పెళ్లయినవాళ్లకి ఇద్దరు అత్తగార్లు, కానివాళ్లకి ఒకరు. అంతే తేడా. అలవాటుపడి అలవాటుపడి, ఆ గొంతు గింజలోంచి వచ్చినా గాల్లోంచి వచ్చినా జనం కాళ్లూ చేతులూ వాటంతటవే కదిలేవి.

ఊళ్లో దొంగతనాలు లేవు, కొట్లాటలు లేవు. అందరూ మంచివాళ్లే. ఎంత మంచివాళ్లంటే, గింజ రిపేరుకిచ్చి స్టూలు మీద కూర్చున్నవాడు, ఆ పది నిమిషాలూ రెప్ప వెయ్యాలో వద్దో తెలీక మేస్త్రీ మొహంలోకి చూసేవాడు.

మేస్త్రీ చెవిలో గింజ లేదు. చొక్కా గుండీ ఉంది. మూడేళ్ల కిందట ఒకరోజు తన గింజ తీసి మందునీళ్లలో నానబెట్టి మరిచిపోయాడు. సాయంత్రం గుర్తొచ్చింది. పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ చెప్పలేదు! ఏమేం ఘోరాలు చేశానో అని గుర్తుచేసుకున్నాడు. ఎవర్నీ కొట్టలేదు. ఎవరిదీ ఎత్తుకురాలేదు. పైగా ఒక ముసలామె సంచీ మూడంతస్తులు మోశాడు. మొయ్యమని ఎవరూ అనలేదు. తనకే మొయ్యాలనిపించింది. అలా అనిపించడం భలే బాగుంది. మర్నాడు కూడా గింజ నానబెట్టి, కావాలనే మరిచిపోయాడు.

పట్టుబడితే మాత్రం ఇంకేం లేదు. కొత్త గింజ చెవిలో పెట్టి బంకతో అతికిస్తారు. చచ్చేదాకా ఊడదు.

*

మూడోరోజు ఆ అమ్మాయి అతని కొట్టుకి వచ్చింది. కొట్టంటే పెద్దది కాదు. ఒక పాత బిల్డింగు మెట్లకింద బల్ల, నాలుగు సీసాలు, దూది చుట్టిన సన్నతీగలు, ఎదురుగా బెంచీ. బెంచీ మీద ఏడుగురు తమ వంతు కోసం కూర్చున్నారు. ఆమె మూతికి గుడ్డ అలాగే ఉంది. ఒక కాగితం అతని ముందు పెట్టింది. 'గింజ పనిచెయ్యడం లేదు' అని రాసుంది.

"రాసివ్వడం దేనికండీ? మాట్లాడండి అత్తగారూ," అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. గుసగుసగా, "ఎలా తెలిసింది?" అంది.

"రోజుకి నలభై గింజలు టెస్టు చేస్తాను. రోజుకి నలభైసార్లు నన్ను పళ్లు తోముకోమంటారు. అరిగిపోయాయి. మీకు అరవై ఏళ్లుంటాయనీ, చేతిలో కర్ర ఉంటుందనీ అనుకున్నాను."

"కర్రే ఉంటే మొన్ననే వాడేదాన్ని. ఏదీ, లేవండి."

బెంచీ మీద ఏడుగురూ లేచారు. మేస్త్రీ లేవలేదు.

"కూర్చోండి."

ఏడుగురూ కూర్చున్నారు. మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

"మీరు కావాలనే చేస్తున్నారు!"

"అవును. కావాలనే."

"కావాలనే," అని ఆమె ఆ మాటని మళ్లీ అనుకుంది, నోట్లో పటికబెల్లం వేసుకున్నట్టు. తర్వాత ముందుకి వంగి, "ఏముంది మీ చెవిలో?" అంది.

చెబితే బంక. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా ఆ కళ్లవంక చూసి అబద్ధమాడబుద్ధి కాలేదు. "గుండీ," అన్నాడు గుసగుసగా.

ఆమె అతని చెవిలోకి తొంగి చూసింది. "ఏ చొక్కాది?" అంది.

ఆ సాయంత్రం ఇద్దరూ మూసేసిన ఈతకొలను మెట్ల మీద కూర్చున్నారు. ఒకసారి అత్తగారు 'మునగండి' అన్నాక 'లేవండి' అనడం కాస్త ఆలస్యమైంది. అందరూ బతికారు గానీ కొలను మూసేశారు. అక్కడికి ఎవరూ రారు.

"ఆ రోజు నాకు దగ్గొచ్చింది," అంది ఆమె, ఎండిన కొలనుకేసి చూస్తూ. "చీటీ సగం చదివి దగ్గాను. ఊరంతా దగ్గింది."

"చీటీలెవరు రాస్తారు?"

"ముగ్గురు అధికారులు. నేను చదువుతాను. మా తమ్ముణ్ణి అన్నానికి పిలుస్తుంటే విని, ఈ గొంతయితే నాలుగు వీధులు వినపడుతుందని ఉద్యోగమిచ్చారు. ఆరేళ్లయింది. గొంతు నాది, మాట వాళ్లది. ఇక బయట నోరు తెరిచే యోగం లేదు. మా బాబాయిని సరదాకి 'ఛీ, పో బాబాయ్' అన్నాను. మూడురోజులు ఇంటికి రాలేదు. బస్టాండులో దొరికాడు, ఇంకా పోతూనే ఉన్నాడు. మా అమ్మని 'ఉండమ్మా' అన్నాను. గరిటె పట్టుకుని అరగంట అలాగే ఉండిపోయింది. బంగాళాదుంపలు బొగ్గులైపోయాయి."

మేస్త్రీ పడీపడీ నవ్వాడు.

"నవ్వకండి!"

"నవ్వుతాను."

ఆమె కోపంగా చూద్దామనుకుంది. కుదర్లేదు. "రెండు సంబంధాలొచ్చాయి. మొదటతన్ని, నేను నచ్చానని చెప్పండి చూద్దాం అన్నాను, వేళాకోళంగా. నచ్చావని చెప్పాడు. ఇంకోసారి చెప్పండి అన్నాను. ఇంకోసారి చెప్పాడు. నేను ఆపమనేదాకా చెబుతూనే ఉన్నాడు. రెండో అతనొచ్చినప్పుడు భయమేసి నోరే విప్పలేదు. అతనూ విప్పలేదు. గంటసేపు మా గోడ చూసి వెళ్లిపోయాడు."

ఎండిన కొలనులోకి ఒక రాయి విసిరి మళ్లీ అంది. "మీకు తెలీదు. నేను ఏమన్నా సరేననే ఊళ్లో ఉండటం ఎలా ఉంటుందో. ఒక్కదాన్నే ఉన్నట్టుంటుంది. నాకు కాదు అనే మనిషి కావాలి. రోజూ సాయంత్రం ఒక గంట. ఇక్కడికొచ్చి, నేను ఏమన్నా కాదనాలి. వస్తారా?"

"రాను," అన్నాడు మేస్త్రీ.

మర్నాడు ఆమెకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

*

ఇక చూడండి ఆ వైభోగం. ఆమె ఫ్లాస్కులో టీ తెచ్చేది. "తాగుతారా?" "తాగను," అని గ్లాసు లాక్కునేవాడు. "చల్లారిపోతుంది, తొందరగా తాగండి." "తాగను," అని నాలిక కాల్చుకునేవాడు. వారం తిరిగేసరికి మీరు పోయి నువ్వు వచ్చింది.

"నన్ను నువ్వనకు."

"అంటాను. నువ్వు."

"అత్తగారని అస్సలు అనకు."

"అత్తగారూ, అత్తగారూ, అత్తగారూ."

ఒకరోజు ఆకాశంలో ఒక మబ్బు చూపించి, "ఏనుగులా లేదూ?" అంది.

"లేదు. విరిగిన కుర్చీలా ఉంది."

"ఏనుగు! అదిగో తొండం!"

"తొండమా? అది కుర్చీ కాలు. కళ్లు చూపించుకో."

ఆమె వాదించింది. అతను వాదించాడు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఈలోపు మబ్బు చెదిరిపోయి ఏనుగూ మిగల్లేదు, కుర్చీ మిగల్లేదు. చూస్తే ఆమె కళ్లలో నీళ్లు. మేస్త్రీ హడలిపోయాడు. "ఏమైంది? పోనీ ఏనుగే!"

"వద్దు, ఒప్పుకోకు," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆరేళ్ల తర్వాత ఒక మనిషి నాతో పోట్లాడాడు. ఎంత హాయిగా ఉందో."

ఆ మాట తర్వాత మేస్త్రీ పని పాడైపోయింది. ఎవరి గింజ ఎవరి చెవిలో పెడుతున్నాడో తెలీదు. గింజ టెస్టు చేస్తున్నానని చెప్పి గంటసేపు చెవి దగ్గర పెట్టుకుని, 'ముఖం కడుక్కోండి' అన్నది వింటూ పిచ్చినవ్వు నవ్వుతూ కూర్చునేవాడు.

అలా ఆరువారాలు. అప్పుడొచ్చింది తంటా.

"ఆ గడ్డం బాలేదు, పొదలాగా," అంది ఒకరోజు. మర్నాడు నున్నగా గీసుకొచ్చాడు. "నీలం చొక్కా అయితే బావుంటావు," అంది. మర్నాడు నీలం చొక్కా. ఆ సాయంత్రం ఆమె టీ పోసి, "తాగుతావా?" అంటే, ఆమె వేళ్లు చూస్తూ పరధ్యానంగా, "ఇవ్వు," అన్నాడు.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏమన్నావు?"

"ఇవ్వమన్నాను."

"చెవి చూపించు."

చూపించాడు. గుండీయే ఉంది. ఆమె నమ్మలేదు. "పగలంతా గింజ పెట్టుకుని, ఇక్కడికొచ్చేముందు మార్చి ఉంటావు."

"నేనెందుకు పెట్టుకుంటాను?"

"మరి గడ్డమెందుకు గీశావు?"

"నువ్వు గీసుకోమన్నావని."

"అదే నేననేది! నేనన్నానని చేశావు!"

"నువ్వన్నావని కాదు. అంటే, నువ్వన్నావనే. కానీ నువ్వు కాక ఇంకెవరన్నా గీసేవాణ్ణి కాదు గదా!"

"అంటే నా గొంతు మహిమేగా! అందరూ చేసేదీ అదేగా!"

మేస్త్రీకి మాటలు తీగల్లా చిక్కుపడిపోయాయి. విప్పేకొద్దీ ముడిపడుతున్నాయి. ఆమె లేచి నిలబడింది. "ఒకటే పరీక్ష. నన్ను పెళ్లి చేసుకో."

ఔనంటే, చెప్పినట్టు విన్నాడంటుంది. గింజ ఉందంటుంది. లేచి వెళ్లిపోతుంది. కాదంటేనే తనకి సొంతబుద్ధి ఉందని నమ్ముతుంది. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆరువారాలు సాధన చేసిన నాలిక అప్పటికే కదిలిపోయింది.

"చేసుకోను," అన్నాడు.

ఖాళీ కొలనులో ఆ మాట రెండుసార్లు మోగింది.

"గింజ లేదు," అంది ఆమె నెమ్మదిగా. "నమ్మాను." ఫ్లాస్కు మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. మళ్లీ పెట్టింది. "నా వెంట రాకు."

వెళ్లిపోయింది.

మేస్త్రీ ఒక కాలు పైమెట్టు మీద, ఒక కాలు కిందమెట్టు మీద పెట్టి నిలబడిపోయాడు. వెళితే, వద్దన్నాక వెంటపడ్డ వెధవ అవుతాడు. వెళ్లకపోతే, చెప్పినట్టు విన్న గింజమనిషి అవుతాడు. కాలు పైకి వేశాడు, కిందకి వేశాడు. తొడలు లాగేశాయి గానీ సంగతి తేలలేదు.

*

ఇంట్లో అతనికి ఉన్నది నాయనమ్మ ఒక్కతే. పదేళ్లయింది ఆవిడకి రెండు చెవులూ వినపడక. గింజ మాత్రం తళతళలాడేలా తుడిచి పెట్టుకుంటుంది. ఒక్క ముక్క వినపడదు. లేవాలనుకున్నప్పుడు లేస్తుంది, తిట్టాలనుకున్నవాళ్లని తిడుతుంది, ఆకలేసినవాడు కనబడితే పెడుతుంది. ఈ సంగతి ఎవరికీ తెలీదు. పోయినేడాది సన్మార్గ కార్యాలయం వాళ్లు ఆవిడకి 'ఆదర్శ శ్రోత' అని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. గోడకి వేలాడుతోంది.

"మొహమేంటలా ఉంది?" అంది.

మేస్త్రీ తన ప్రేమకథంతా అరిచి చెప్పాల్సివచ్చింది. మూడంతస్తులూ కిటికీలు తెరుచుకున్నాయి.

"పెళ్లి చేసుకోమందా?"

"అంది!"

"నువ్వేమన్నావు?"

"చేసుకోనన్నాను!"

"ఎందుకూ?"

"నా ఇష్టప్రకారం నడిచేవాణ్ణని చూపించడానికి!"

"నీ ఇష్టమేంటి?"

"చేసుకోవాలని!"

"మరి నీ ఇష్టప్రకారం ఎక్కడ నడిచావురా అఘాయిత్యపు వెధవా?"

పై అంతస్తులో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

"ఏమన్నా ఔననేవాడూ, ఏమన్నా కాదనేవాడూ ఇద్దరూ ఒకటేరా," అంది నాయనమ్మ. "ఇద్దరూ ఎదుటివాళ్లు నోరు తెరిచేదాకా కాచుక్కూర్చోవాల్సిందే. వెంట రావద్దంది గదా, ఇవాళ వెళ్లకు. అది మనిషి, మైకు కాదు. మనిషి వద్దంటే వద్దే. రేపు కొట్టు మూసి, వాళ్లింటికి నేనొస్తా పద. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆపైన ఆ పిల్ల ఇష్టం."

అయితే మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు లైనుంది. రెండువందలమంది. లైను ముందర, బల్ల దగ్గర నేలమీద ఒక బంక బకెట్. దాని పక్కన ఎండుపుల్లలాంటి అధికారి ఒకాయన పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ మధ్య బస్ షెల్టర్లో ఎవరో జరగమంటే జరగలేదట," అన్నాడు అధికారి. "గొడుగు మనిషొకాయన చెప్పాడు. అబద్ధమాడకూడదు గదా, అందుకని చెప్పాడు. వానలో మొహం చూళ్లేదట. ఎవరో తెలీదు కాబట్టి ఇక అందరికీ అతికించెయ్యమని ఆర్డరు. పదింటికి అత్తగారు 'చెవి చూపించండి' అంటుంది. నువ్వు అంటించుకుంటూ పోవడమే. మొదటి చెవి నీదే, పని నేర్చుకున్నట్టు ఉంటుంది."

మేస్త్రీ బకెట్‌లోకి చూశాడు. నల్లగా, చిక్కగా ఉంది. ఇది అంటుకున్నాక, ఇవాళ సాయంత్రం వెళ్లి చేసుకుంటానన్నా ఆమె నమ్మదు. ఎలా నమ్ముతుంది? తనే నమ్మలేడు. ఆ మాట తనదో గింజదో జన్మలో తెలీదు. లైనులో మొదట తాళాలు చేసే ఆయన నిలబడి చెవి సిద్ధం చేసుకుంటున్నాడు. వెనకెక్కడో నాయనమ్మ కూడా ఉంది.

"అతికించను," అన్నాడు.

ఈ కాదు ఆ కాదులా లేదు. మెట్లమీద అనే కాదు తియ్యగా ఉండేది. ఇది చేదుగా ఉంది.

"అంటే?" అన్నాడు అధికారి.

"అంటే అతికించను."

అధికారి పుస్తకం తిప్పాడు. మొదట్నుంచి చివరికీ, చివర్నుంచి మొదటికీ తిప్పాడు. "ఈ మాటకి పేజీ లేదే," అన్నాడు దిగులుగా. "ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ అనలేదు. వాళ్ల చెవులు వాళ్లవి. నాకే తప్పనిపిస్తోంది."

"నీకు అనిపించడమేంటి? సరే ఉండు. పదవుతోంది. అత్తగారే చెబుతుంది."

రెండువందలమందీ తల పక్కకి వంచి విన్నారు. మేస్త్రీ గబగబా రిపేరుకొచ్చిన గింజ ఒకటి తీసి చెవికి ఆనించుకున్నాడు.

ముందు కాగితం చిరిగిన చప్పుడు. ఎవరో ముసలిగొంతుతో, "అమ్మాయీ, అది చదవాలి!" అన్నారు. "చదవను," అంది ఆమె. "చదవక ఏం చేస్తావు?" అన్నారు చీటీలు రాసే ముగ్గురూ. "కూర్చోండి!" అంది. మూడు కుర్చీలు కిర్రుమన్నాయి. వాళ్ల చెవుల్లోనూ గింజలేగా! ఇక్కడ లైను మొత్తం రోడ్డుమీద చతికిలబడింది. అధికారి బకెట్‌కి మూత వేసి దానిమీద కూర్చున్నాడు.

అప్పుడామె గొంతు మైకుకి దగ్గరగా వచ్చింది. "నేను చీటీలో లేని మాట ఎప్పుడూ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీదు. చెవి చూపించాలో వద్దో మీ ఇష్టం. ఇక అన్నీ మీ ఇష్టం. నేను ఇంటికి వెళుతున్నా. కాదు. ఇంకోచోటికి వెళ్లాలి."

టక్కుమని ఆగిపోయింది.

వీధి కాసేపు బొమ్మలకొలువులా ఉంది. మీ ఇష్టం అంటే ఏం చెయ్యాలి? లేవడమా, కూర్చోవడమా? మేస్త్రీకి భయమేసింది. ఇన్నాళ్లు బిగబట్టినవాళ్లు ఇప్పుడు ఒకరినొకరు కొరికేస్తారేమో!

ఒక బస్సు నడిరోడ్డు మీద ఆగింది. డ్రైవరు దిగి, "ఎక్కడికి పోదాం?" అని అడిగాడు. ముప్ఫైమంది ముప్ఫై చోట్లు చెప్పారు. పెద్ద గొడవ మొదలైంది. గొడవపడుతూ అందరూ ఆనందంగా ఉన్నారు. ఒక గుమాస్తా గోడెక్కి కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాడు. ఒకడు పక్కవాడి టోపీ లాక్కుని పరిగెత్తాడు. మలుపు దాకా వెళ్లి, పెట్టుకుని చూసుకుని, ఏం తోచిందో వెనక్కొచ్చి ఇచ్చేశాడు. ఒకామె పదేళ్లుగా తన కాలు తొక్కే పక్కింటాయన కాలు కసిదీరా తొక్కింది. తొక్కి, "నొప్పెట్టిందా?" అని అడిగింది.

అధికారి బకెట్ మీంచి లేచాడు. "నా ఇష్టమా?" అన్నాడు తనలో తనే. "నాకు బంక వాసన పడదయ్యా. పన్నెండేళ్లుగా తలనొప్పి. ఎవరూ అడగలేదు." మూత గట్టిగా బిగించి, పుస్తకం దానిమీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడొచ్చింది ఆమె. పరుగెత్తుకుంటూ. మూతికి గుడ్డ లేదు.

"బంక అంటించారా?" అంది రొప్పుతూ.

"లేదు."

"నిన్న నా వెంట రాలేదే?"

"వద్దన్నావుగా."

"చెప్పినట్టు విన్నావన్నమాట."

"విన్నాను. నువ్వు వద్దంటే ఆగాలని నాకే అనిపించింది."

"మరి పెళ్లి వద్దన్నది? అదీ అనిపించే అన్నావా?"

"అది నీ పరీక్ష పాసవ్వడానికి అన్నాను. పాసయ్యి ఏడుస్తున్నాను." మేస్త్రీ చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "ఇప్పుడు నేనడుగుతాను. పరీక్ష లేదు. కాదన్నా నేనేం చచ్చిపోను, నాలుగు రోజులు అన్నం మానేసి ఐదోరోజు తింటాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె నోరు తెరిచింది. అలవాటుగా జేబులో చీటీ కోసం వెతికింది. రెండో జేబు కూడా వెతికింది. "నాకు ఎవరూ రాసివ్వలేదు," అంది.

"తొందరేం లేదు. ఆలోచించుకో. ఎన్నాళ్లైనా ఆలోచించుకో."

ఆమె తలూపి వెనక్కి తిరిగింది. దీపస్తంభం దాకా నడిచింది. దాన్ని పట్టుకుని ఒక్క చుట్టు తిరిగింది. వెనక్కొచ్చింది.

"ఆలోచించాను."

"అప్పుడేనా!"

"నా బుర్ర. నాకిష్టం వచ్చినంతసేపు ఆలోచిస్తాను. నువ్వెవరు అడగడానికి?" అంది. అని, నేల చూసింది, అతని చెప్పులు చూసింది, తర్వాత మొహం చూసింది. "చేసుకుంటాను. టీ మాత్రం నువ్వే పెట్టాలి."

"పెట్టను."

"అయితే నేనూ పెట్టను. బయట తాగుదాం."

నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఏమంటోందిరా?"

"ఒప్పుకుంది!" అని అరిచాడు.

"ఎవరు చెబితే?"

"ఎవరూ చెప్పలేదు!"

"అయితే మంచి పిల్లే," అని ఇద్దరి నెత్తిమీదా చెయ్యి పెట్టింది.

లైనులోవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకామె చెయ్యెత్తి, "అమ్మా, చప్పట్లు కొట్టమంటారా?" అని అడిగింది.

"మీ ఇష్టమండీ."

కొందరు కొట్టారు. కొందరు దేనికైనా మంచిదని ఒక్కచేత్తో తొడమీద కొట్టుకున్నారు. కొందరు పనుందని వెళ్లిపోయారు. తాళాలు చేసే ఆయన మాత్రం చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకైతే ఈ జోడీ నచ్చలేదు," అన్నాడు. "పిల్లాడు పొట్టి. చేతులు గుబిలి వాసన."

ఆమె మేస్త్రీ చెయ్యి వదిలి ఆయన దగ్గరికి వెళ్లింది. కళ్లనిండా నీళ్లు, మొహంనిండా నవ్వు.

"ఏమన్నారు? మళ్లీ అనండి!"

ఆయన ఆమెని పైనుంచి కిందిదాకా చూశాడు.

"అనను," అన్నాడు.